కాఫీలో నలుసు

ఆ రోజు పొద్దున ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. భర్త లేవకముందే వంటింట్లోకి వెళ్ళాలి. కాఫీ డబ్బాలో ఉన్న ఇన్‌స్టంట్ పొడిని తన లంచ్ బాక్సులోకి ఒంపేసి, దాని స్థానంలో కొత్త పొడి నింపాలి. మళ్ళీ వచ్చి ముసుగుతన్ని పడుకోవాలి. అంతే.

పెళ్ళైన మర్నాటి నుంచీ ఆ ఇంట్లో పొద్దుటి కాఫీ అతనిదే. స్కూల్లో సైన్సు మాస్టారు. కళ్ళు సగం మూసుకునే పాలు, నీళ్ళు, పొడి, పంచదార ఒకే గిన్నెలో పడేసి, అవన్నీ తప్పు ఒప్పుకునేదాకా మరిగించి, గ్లాసులో పోసి మంచం దగ్గరికి తెచ్చి "టెస్టరమ్మా, లే" అంటాడు. ఆ కాఫీ ఎలా ఉంటుందంటే, వేడిగా ఉంటుంది. అంతకు మించి దాని గురించి మంచి మాట చెప్పడం కష్టం. అయినా ఆమె రోజూ చివరి బొట్టుదాకా తాగి "సూపర్ మాస్టారూ" అనేది. మంచం దాకా కాఫీ తెచ్చే మొగుడికి వంక పెడితే కళ్ళు పోవూ?

గొడవంతా ఆమె ఆఫీసు కింద ఒక చిన్న కాఫీ షాపు తెరవడంతో మొదలైంది. అక్కడ గింజల్ని అప్పటికప్పుడు పొడి కొట్టి కాచి ఇస్తారు. మొదటి గుక్కకి చేదని మొహం చిట్లించింది. వారం తిరిగేసరికి ఆ చేదు వెనకాల ఒక తీపి, ఆ తీపి వెనకాల వేయించిన పల్లీల వాసన లాంటిదేదో దొరికాయి. ఇంకొన్నాళ్ళకి ఇంట్లో గ్లాసు ఎత్తినప్పుడల్లా కళ్ళు గట్టిగా మూసుకోవాల్సి వచ్చింది. నాలుక ఒకసారి మెట్టెక్కితే మళ్ళీ దిగనంటుంది. కానీ "నీ కాఫీ బాలేదు" అంటే అతని మొహం ఎలా వాడిపోతుందో ఆమెకు తెలుసు. అందుకే ఈ దొంగతనం.

ఆమె సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టరు. పక్కవాళ్ళ తప్పులు పట్టుకోవడమే ఉద్యోగం. వీసమెత్తు మార్పునైనా పరీక్షించకుండా బయటికి వదలదని పేరు. ఇంట్లో మాత్రం ఒక్క గ్లాసు కలిపి చూడలేదు. ఆ షాపు పొడి నీళ్ళలో కరగదన్న ముక్క ఆమెకు తెలియదు.

ఆ పూట "లే" అన్న పిలుపు రాలేదు. వంటింట్లోంచి "ఇలా రా!" అని కేక వచ్చింది.

అతను ఖాళీ గాజు గ్లాసును కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకున్నాడు. అడుగున వేలి మందాన నల్లటి మడ్డి.

"చూశావా? మట్టి."

"మట్టేంటి?" అంది ఆమె.

"పళ్ళ కింద కరకరమంది. పాలు కొత్త ప్యాకెట్. గిన్నె నేనే తోమాను. పొడి రోజూ వేసేదే. ఇంక మిగిలింది నీళ్ళు."

"పొడి... పాతబడిందేమో?"

"పాతబడితే మట్టైపోతుందా? సైన్సు మాస్టారి పెళ్ళానివి, నా పరువు తీయకు."

అప్పుడే చెప్పేయాల్సింది. నోరు తెరిచింది కూడా. ఈలోగా అతను గ్లాసు ఫొటో తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టేశాడు. కింద ఒకే ముక్క: 'నీళ్ళు తాగకండి.'

గోరంత మడ్డి కొండంతైంది. కింది పోర్షను వాళ్ళకి నిన్నటి కడుపునొప్పి గుర్తొచ్చింది. ఎదురింటాయనకి జుట్టు ఎందుకు ఊడుతోందో ఇన్నాళ్ళకి అర్థమైంది. పై ఇంటి ఆంటీ "నేను ఎప్పుడో చెప్పాను" అని పెట్టింది, ఏం చెప్పిందో ఎవరికీ గుర్తులేకపోయినా. అపార్ట్‌మెంట్ సెక్రటరీ చెవి మీద సబ్బు నురగతోనే, భుజాన తువ్వాలుతో పరిగెత్తుకొచ్చాడు.

"నేను సెక్రటరీగా ఉండగా నీళ్ళలో మట్టా? ఏదీ?" గ్లాసు చూసి నీరుగారిపోయాడు. "ట్యాంకు ఖాళీ చేయించండి!"

"అంకుల్, ఒక్క నిమిషం. అసలేమైందంటే..." అంది ఆమె.

"మీరు కంగారు పడకండమ్మా, నేనున్నాగా!" అని ఆయన మెట్లెక్కేశాడు.

కాసేపటికి కుళాయిలన్నీ బుస్సుమని ఆగిపోయాయి. బిల్డింగులో సగం మంది ఒంటికి సబ్బు పట్టించుకుని ఉన్నారని, బాత్రూముల్లోంచి వచ్చిన తిట్లను బట్టి తెలిసింది.

ట్యాంకు కడిగించి ప్లంబర్‌ని వెంటబెట్టుకొచ్చాడు సెక్రటరీ.

"ట్యాంకులో ఏం లేద్సార్," అన్నాడు ప్లంబర్. "ఓ చెప్పు దొరికిందంతే."

"హమ్మయ్య! అయితే మట్టి ఎక్కణ్ణుంచి?"

"పైపుల్లోంచే. గోడ పగలగొట్టి చూడాలి. మట్టి ఈ ఇంట్లో పడింది కాబట్టి ఇక్కణ్ణుంచే మొదలెడదాం."

సింకు పైనున్న తెల్ల టైల్సు మీద ప్లంబర్ పెన్సిలుతో గీత గీశాడు. సుత్తి ఎత్తాడు.

"ఆపు!" ఆమె గోడకి అడ్డం పడింది. "నీళ్ళలో ఏం లేదు. అది కాఫీ పొడే. డబ్బాలో నేనే మార్చాను." సాక్ష్యానికి లంచ్ బాక్సు తెరిచి చూపించింది.

సెక్రటరీ చెవి తుడుచుకోవడం మరిచిపోయాడు. ప్లంబర్ సుత్తి దించడం మరిచిపోయాడు.

"ఎందుకు?" అన్నాడు భర్త, మెల్లగా.

"నీ కాఫీ బాగుండదు మాస్టారూ. ఎప్పుడూ బాగోలేదు. ఎలా చెప్పాలో తెలీక..."

ఆ పూట బిల్డింగు మొత్తానికి నీళ్ళొచ్చింది ఆమె కళ్ళల్లోనే.

అతను గ్లాసు వంక చూశాడు. ఆమె వంక చూశాడు. పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టాడు.

"పిచ్చిమొహమా, నాకు తెలీదా? అసలు నాకు అనుమానం మడ్డి చూసి రాలేదు. మొదటి గుక్క బాగుంది! ఎన్నడూ లేంది గ్లాసంతా తాగేశాను. నా చేతి కాఫీ అంత బాగుందంటే, నీళ్ళలో ఏదో కలిసినట్టే కదా!"

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు పెట్టావ్?"

"సూపర్ సూపర్ అని నువ్వు లొట్టలేసుకుంటూ తాగితే మానేదెలా? నాది రోజూ సింకుకే పోసేవాణ్ణి. నాకసలు టీ ఇష్టం."

"సార్, కొట్టమంటారా వద్దా?" అన్నాడు ప్లంబర్.

సెక్రటరీ తువ్వాలు సర్దుకుని, అందరి పరువూ కలిపి ఆలోచించాడు. గ్రూపులో 'ట్యాంకు కడిగించాం. ఇక భయం లేదు' అని పెట్టి, మిగిలిన స్నానానికి వెళ్ళిపోయాడు.

మర్నాడు అతను మంచం దగ్గరికి రెండు గ్లాసులు తెచ్చాడు. ఆమెకి వడగట్టిన కాఫీ, తనకి టీ. ఆమె ఒక గుక్క తాగి, కాస్త ఆలోచించి, "పొడి ఎక్కువైంది" అంది.

"రేపు తగ్గిస్తా," అన్నాడతను, మంచం మీద చోటు చేసుకుంటూ.

ఆఫీసుకి వెళ్తుంటే లిఫ్టులో పై ఇంటి ఆంటీ కనిపించి, ట్యాంకు కడిగించినప్పటి నుంచీ తమ ఇంట్లో కాఫీ కూడా ఎంత బాగుంటోందో చెప్పింది.