తండ్రికి పెట్టిన కాపలా

ఆ ఆదివారం పొద్దున దర్జీ పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, ఒక ఆఫీసు మేనేజరమ్మ పురమాయించిన కోటుకు చేతులు అతికించడం. రెండోది, కూతురి ఫోనుకు కాపలా పెట్టడం.

ఈ రెండోది భార్య పురమాయింపు. పదకొండేళ్ల పిల్ల వారం రోజులుగా గదిలోకి ఎవరొచ్చినా ఫోను బోర్లా తిప్పేస్తోంది. కంచంలో సగం వదిలేస్తోంది. ఏమైందే అంటే ఏం లేదంటోంది.

"ఆ 'ఏం లేదు'లోనే ఏదో ఉంది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆ యాపేదో పెట్టెయ్యండి. దాన్ని మాత్రం కసరకండి," అని ఆవిడ చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

యాప్ ఫోను కంపెనీవాళ్లదే. పిల్లలకు ఎవరైనా తేడాగా మెసేజ్ పెడితే పెద్దవాళ్ల ఫోనుకు హెచ్చరిక పంపుతుంది. పెట్టడం కష్టమేమీ కాదు. అయితే దర్జీకి ఒక పద్ధతుంది. ఏది కుట్టినా ముందు తన ఒంటికి ఆనించి చూసుకోనిదే ఎవరికీ ఇవ్వడు. చిన్నపిల్ల గౌనైనా సరే, అద్దం ముందు మీసాలతో నిలబడి చూసుకోవలసిందే. ఆ అలవాటు కొద్దీ యాప్‌ను ముందు తన ఫోనులో పెట్టుకున్నాడు. తొడుక్కునేది తానైనా కొలతలు పిల్లవే ఉండాలి కదా అని వయసు దగ్గర పదకొండు కొట్టాడు. సంరక్షకుల నంబరు అడిగితే బల్లమీద ఛార్జింగులో ఉన్న కూతురి ఫోను నంబరిచ్చాడు. రెండు ఫోన్లూ కళ్లెదుటే ఉంటాయి, సరిగ్గా అమిరాక తిరగేద్దాం అనుకుని సూదిలో దారం ఎక్కించాడు.

సరిగ్గా అప్పుడే మేనేజరమ్మ మెసేజ్ వచ్చింది. ఆ కోటు ఆఫీసులో పదవీ విరమణ చేయబోతున్న పెద్దాయనకు ఆవిడ గుట్టుగా చేయిస్తున్న బహుమతి. అందుకని ఇలా రాసింది: "ఎంతవరకు వచ్చింది? ఒక ఫోటో పంపండి. సాయంత్రం వెనక గేటు దగ్గరికి మీరొక్కరే రండి. ఎవరికీ చెప్పొద్దు."

దర్జీ చివరి మాట చదివేలోపే తెర పచ్చగా మారిపోయింది. "భయపడకు కన్నా. తప్పు నీది కాదు. మీ పెద్దవాళ్లకు చెప్పాం," అన్న అక్షరాలు మిగిలాయి. ఎక్కడ నొక్కినా ఫోను కదల్లేదు.

బల్లమీద కూతురి ఫోను అంబులెన్సులా అరిచింది. లోపలి గదిలోంచి పిల్ల పరుగెత్తుకొచ్చి చదివింది. "నాన్నా, ఎవరో పెద్దావిడ నిన్ను ఒంటరిగా రమ్మంటోందట. ఫోటో అడుగుతోందట. ఇంట్లో చెప్పొద్దంటోందట. ఇలాంటివి ప్రమాదానికి గుర్తులట."

"అది కోటు సంగతమ్మా! ఏదో ఒకటి నొక్కి తెరిపించు ముందు."

"ఈ వ్యక్తి మీకు తెలుసా అని అడుగుతోంది."

"తెలుసని నొక్కు."

"నాకు తెలీదుగా! అబద్ధం ఎలా నొక్కుతాను?"

నొక్కొద్దు నొక్కొద్దంటూ దర్జీ లేచేసరికి మెడలో టేపు కుర్చీకి చుట్టుకుంది. ఆ చిక్కు విడిపించుకునేలోపు పిల్ల నిజం నొక్కేసింది.

పావుగంటలో మేనేజరమ్మ స్వయంగా దిగింది. ఆవిడ మెసేజ్‌ల ఖాతాను కంపెనీవాళ్లు ఆపేశారట. ఎందుకో కూడా రాసి పంపారట. దర్జీ గబుక్కున హ్యాంగర్లకు వేలాడుతున్న బట్టల వెనక్కి దూరాడు.

"ఏడీ మీ నాన్న? నేను పిల్లల్ని ఎత్తుకుపోయేదానిలా కనిపిస్తున్నానా? పాతికేళ్ల సర్వీసులో ఒక్క మాట పడలేదు నేను!"

పిల్ల నోరు విప్పేలోపు చేతిలో ఫోను మోగింది. కంపెనీవాళ్ల భద్రతా విభాగం నుంచి ఒకావిడ. పిల్ల అందరికీ వినపడేలా స్పీకరు పెట్టింది.

"సంరక్షకులేనా అండీ? మీ బాబు క్షేమంగా ఉన్నాడా?"

"ఉన్నాడండీ. బట్టల వెనక దాక్కున్నాడు."

"పాపం, బెదిరిపోయుంటాడు. పదకొండేళ్లు కదూ?"

"నలభై ఆరండీ. మీసాలు కూడా ఉన్నాయి."

దర్జీ ఇక తప్పదన్నట్టు చొక్కాల మధ్య నుంచి తల బయటపెట్టి, కొలతలు పిల్లవనీ, తొడుక్కున్నది తాననీ మొత్తం చెప్పుకున్నాడు. కంపెనీ ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. మేనేజరమ్మ ఆపుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

"తప్పు మాదేనండీ. ఫోను ఎవరి చేతిలో ఉంటుందో మొదటే అడగాల్సింది. రాసుకుంటున్నాను. మీ ఫోనూ, మేడం ఖాతా ఇప్పుడే తెరిపిస్తాను," అంది కంపెనీ ఆవిడ. "పాపా, హెచ్చరిక నువ్వే చదివావుగా. ప్రతి సంరక్షకుణ్ణీ ఒకటి అడుగుతాం. ఇలాంటి మాటలు ఇంకెక్కడైనా చూశావా?"

పిల్ల ఫోను బోర్లా తిప్పబోయి, మళ్లీ నిలబెట్టింది.

"నాకూ వచ్చాయండీ," అంది చివరికి. "ఆటలో ఒకతను. పన్నెండేళ్లన్నాడు. మొదట బాగానే ఆడేవాడు. ఇప్పుడు ఫోటో పంపమంటున్నాడు. ఇంట్లో చెప్తే మాట్లాడడట. రేపటికల్లా పంపాలట."

మేనేజరమ్మ నవ్వు ఆగిపోయింది. దర్జీకి చేతిలో సూది గుచ్చుకుంది. అయినా చూసుకోలేదు.

"పంపావా తల్లీ?"

"లేదు నాన్నా."

"మరి మాకెందుకు చెప్పలేదే?" గొంతు పెరగబోయింది. భార్య మాట గుర్తొచ్చి తగ్గించుకున్నాడు.

"చెప్తే ఫోను లాక్కుంటారుగా. తప్పు నాదే అంటారనుకున్నా. ఇందాక నీకొచ్చినదాంట్లో 'తప్పు నీది కాదు' అనుంది."

దర్జీ బట్టలు తప్పించుకుని వచ్చి కూతురి పక్కన నేలమీద కూలబడ్డాడు. "లాక్కోను," అన్నాడు.

కంపెనీ ఆవిడ మాత్రం తొణక్కుండా ఒక్కొక్కటే చెప్పింది. ఆ మాటలేవీ చెరిపేయొద్దు. వాటిని తెరమీద ఉన్నవున్నట్టే ఫోటో తీసి తనకు పంపాలి. ఆ ఆటా తమదే, అతని ఖాతా ఇప్పుడే ఆపుతున్నారు, వివరాలు పోలీసులకు వెళ్తాయి. సాయంత్రం తనే మళ్లీ ఫోన్ చేస్తుంది. చెప్పినందుకు పిల్లకు థాంక్స్ కూడా చెప్పింది. మేనేజరమ్మ పిల్ల తల నిమిరి, "నాకు బుద్ధొచ్చింది. ఇకమీదట ఎవరికీ చెప్పొద్దనే మాట ఎవరికీ రాయను," అని, వెనక గేటు మాటెత్తకుండా వీధి గుమ్మంలోంచే వెళ్లిపోయింది.

మధ్యాహ్నం పిల్ల కంచం ఖాళీ చేసి రెండోసారి వడ్డించుకుంది. దర్జీ అది చూడనట్టు చూశాడు.

కాసేపటికి అతని ఫోనుకు కంపెనీ నుంచి ఒక చిన్న మెసేజ్ వచ్చింది. మా సేవ మీకు నచ్చిందా, ఎన్ని చుక్కలిస్తారు అని. దర్జీ కళ్లజోడు సవరించుకుని, మనస్ఫూర్తిగా అయిదు చుక్కలూ నొక్కాడు.

మీ సంరక్షకుల అనుమతి కావాలంది ఫోను.