పచ్చి రంగుల్లో పున్నమ్మగారు

శుక్రవారం పొద్దున్నే, తాను వేసిన పున్నమ్మగారి బొమ్మను నందిగామ నుంచి జగ్గయ్యపేట చేర్చి, ఆవిడ చేత బాగుందనిపించుకోవాలి. సంహిత పథకం అంతే. ఆవిడ మెచ్చితే మరో నలుగురు వేయించుకుంటారు. పెదవి విరిస్తే సోమవారం నుంచి సిమెంటు డీలరు ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుంటానని నాన్నకు మాటిచ్చింది.

సంహితకు పద్దెనిమిదో శతాబ్దపు అమెరికా తైలచిత్రాలంటే పిచ్చి. ఆ దేశం ఇంకా ఇంగ్లీషువాళ్ల చేతిలో ఉన్న రోజుల్లో అక్కడి వర్తకులూ, వెండిపనివాళ్లూ చిత్రకారుడి ముందు గంటలకొద్దీ కూర్చుని, మొహాన పులిపిరి ఉంటే పులిపిరితో సహా వేయించుకునేవారు. ఆ పద్ధతిలోనే, నల్లటి నేపథ్యం మీద, చేతిలో ఎండుమిరపకాయతో పున్నమ్మగారు బొమ్మలో దిగారు. నూనె రంగులు పచ్చిగా ఉన్నాయని గుడ్డ కప్పకుండా, బొమ్మను ఒళ్లో నిలబెట్టుకుని బస్సులో కూర్చుంది.

మన వైపు ముసలివాళ్ల బొమ్మకు ఫ్రేము కట్టారంటే ఆ మనిషి లేనట్టే. ఆ ముక్క సంహితకు తట్టలేదు. పున్నమ్మగారి మేనల్లుడు భవానీప్రసాద్ పక్క వరసలోంచి బొమ్మను చూశాడు. అడిగి ఆ పిల్లను ఏడిపించడమెందుకని, ఫొటో తీసి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టి కళ్లొత్తుకున్నాడు. పక్కసీటావిడ తన బుట్టలోని బంతిపూల దండ బొమ్మకు వేసింది. కళకు ఇంత గౌరవమా అని సంహిత పొంగిపోయింది. అంతలోనే పూరేకులు పున్నమ్మగారి గడ్డానికి అతుక్కోవడం చూసి, వాటిని గోటితో ఒక్కొక్కటే ఊడదీసింది.

హైవే పనుల వల్ల బస్సు గంటన్నర పాకింది. ఈలోగా చుట్టాలు పున్నమ్మగారికి ఫోన్లు చేశారు, ఎవరూ ఎత్తలేదు. వచ్చి చూస్తే ఇంటికి తాళం. శవం ఆసుపత్రి నుంచి వస్తుందని ఎవరో తేల్చేశారు. సంహిత వెళ్లేసరికి షామియానా, కుర్చీలు, నలభై మంది జనం. తన బొమ్మ ఆవిష్కరణకే ఇదంతా అనుకుంది. వాళ్లు బొమ్మను అందుకుని, కుర్చీలో పెట్టి, అగరొత్తులు వెలిగించారు.

"గట్టు తగాదాలో తప్పు నాదే అక్కా," అని సీతారావమ్మ బావురుమంది. అక్కతో ఆవిడకు పదేళ్లుగా మాటల్లేవు.

ఫోను ఇంట్లో మరిచి తెల్లవారకుండానే మిరప కల్లానికి వెళ్లిన పున్నమ్మగారు అప్పుడే ఆటో దిగారు. పక్కింట్లో ఎవరో పోయారనుకుని, వెనక వరసలో కూర్చుని, కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

"పోయిందెవర్రా ప్రసాదూ?"

"నువ్వే అత్తయ్యా," అని తలెత్తిన భవానీప్రసాద్ కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాడు.

సంహితకు అప్పుడు సంగతి అర్థమైంది. సిమెంటు ఆఫీసు కళ్లముందు కనిపించింది, ఏడుపొచ్చింది.

"ముందా బొమ్మ తీసెయ్యండి, అరిష్టం," అన్నాడు భవానీప్రసాద్ నేలమీది నుంచే.

పున్నమ్మగారు బొమ్మ దగ్గరకెళ్లి చాలాసేపు చూశారు.

"ఉండనీరా. బుగ్గ మీద మచ్చ కూడా వదల్లేదు చూడు. పోయాక వేయిస్తే చూసుకునేదెవరు? నా చెల్లెలి ఏడుపు నా చెవులతో విన్నా. ఎంతమందికి దక్కుద్ది?"

సీతారావమ్మ ముక్కు తుడుచుకుంది. "నాది కూడా వెయ్యమ్మాయ్. ఆదివారం వచ్చి కూర్చుంటా." ఆ వెనకే మరో ముగ్గురు తమ పేర్లు చెప్పారు. సంహిత రాసుకుంది.

పరామర్శకు వచ్చిన నలభై మందికీ ఆ మధ్యాహ్నం పున్నమ్మగారే కొసరి కొసరి వడ్డించారు.