జయరత్నం బండిలో నిలవని గాలి

శనివారం పొద్దున ఇడ్లీ తిని, తలకు టోపీ పెట్టుకుని, మోటార్‌సైకిల్‌కు గాలి పట్టించుకు రావాలి. జయరత్నానికి వారంలో ఉన్న పని అదొక్కటే. మదనపల్లె మిషన్ ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం ముగించి పుంగనూరులో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. ఏడాది తిరగకుండా భార్య లిల్లీ పోయింది. మధుసూదన్ టైర్ల షాపులో గాలి పట్టడం చిటికెలో అయిపోయేది. పక్కనే మధు భార్య యమున టీ బంకు ఉండడంతో, ఆ చిటికె మధ్యాహ్నం దాకా సాగేది. మిగతా వారమంతా ఆయన గొంతు వినేది ఇద్దరే: పాలవాడు, ప్రార్థనలో దేవుడు.

అలాంటి షాపులోకి నైట్రోజన్ యంత్రం వచ్చింది. టెంకాయ కొట్టి, మొదటి బోణీ సారు బండికే అన్నాడు మధు.

"మామూలు గాలి వారానికే దిగిపోతాది సార్. ఇది అట్ల కాదు. ఇంగ రెండు నెల్లు మీరు ఈ పక్కకు రావాల్సిన పనే లే!"

మధు వరమిచ్చాననుకున్నాడు. జయరత్నానికి వెలి వేసినట్టయింది. పని లేకుండా పోయి ఒకరి అంగట్లో కూర్చోవడం ఆయనకు చేతకాదు. ఎక్కడికి బయల్దేరినా, 'ఏం పనిమీద వచ్చినారు?' అంటే చెప్పడానికి జవాబు ముందే సిద్ధం చేసుకునే మనిషి.

తర్వాతి శనివారం ఇడ్లీ తిన్నాడు. టోపీ పెట్టుకున్నాడు. ఆ టోపీతోనే మధ్యాహ్నం దాకా వరండాలో కూర్చున్నాడు.

ఆపై శనివారం టైరు నొక్కి చూస్తే రాయిలా ఉంది. చుట్టూ ఓసారి చూసి, గుండుసూదితో వాల్వు నొక్కాడు.

"ఏం సార్, అప్పుడే దిగిపోయిందా?" మధు ముఖం మాడిపోయింది. ట్యూబు విప్పి నీళ్ల తొట్టిలో ముంచాడు. ఒక్క బుడగ రాలేదు. "యాడ పోతాంది సార్ ఈ గాలి?"

"అదే నాకూ అంతుబట్టడంలేదప్పా," అంటూ జయరత్నం రెండో టీ చెప్పాడు.

ఆ వారం వాల్వు మార్చారు. పై వారం ట్యూబు మార్చారు. ఆపైన రిమ్మును అనుమానించారు. జయరత్నానికి చేజారిన శనివారం వడ్డీతో సహా తిరిగొచ్చింది. అయితే పాల క్యాన్ల బండితో వచ్చిన వెంకటప్ప ఇదంతా చూస్తూనే ఉన్నాడు.

"సారు బండిలోనే నిలవని గాలి నా బండిలో నిలుస్తాదా? యాలప్పా మాకీ గాచారం!" అని బండి తిప్పుకుని పోయాడు. పాలతో పాటు ఆ మాటనూ ఇంటింటికీ పోశాడు.

మధు కుప్పం నుంచి కంపెనీ మనిషి దినేష్‌ను పిలిపించాడు. దినేష్ మీటరు పెట్టి చూసి పెదవి విరిచాడు. "యంత్రం బాగానే ఉండాది. బండిని నేను కుప్పం తీస్కపోతా. వారం మా గోడౌన్లో పెడతా. గాలి దిగితే యంత్రం వాపసు తీసుకుంటాము. దిగలేదంటే ఎవురో కావాలనే తీస్తాండారని లెక్క."

"వాడెవుడో దొరకాల, ఉండాది వానికి!" అంది యమున, జయరత్నం గ్లాసులో టీ పోస్తూ.

జయరత్నం ఆ గ్లాసును తాగకుండానే బెంచీ మీద పెట్టేశాడు. గాలి నిలిస్తే తన బండారం బయటపడుతుంది. ఇక ఆ బెంచీ మీద ఈ జన్మలో చోటుండదు. దిగితే పోయేది యంత్రమే.

జయరత్నం కుప్పం బస్సెక్కాడు.

గోడౌన్ వాచ్‌మన్ భోజనానికి వెళ్లేదాకా ఎదురు అంగడి నీడలో నిలబడ్డాడు. తర్వాత గోడ వెంట పిల్లిలా నడిచి వెనక షెడ్డులోకి దూరాడు. బండి కనిపించింది. దాని ముందు గొంతుక్కూర్చున్న మనిషి వీపు కూడా కనిపించింది. స్స్స్‌మని చప్పుడు. వీపు తిరిగింది. మధుసూదన్!

మధు చేతిలో మేకు, జయరత్నం చేతిలో గుండుసూది.

"మీరేంది సార్ ఈడ?"

"బండి... ఎట్లుందో చూద్దామని. నువ్వేందప్పా?"

మధు నేలమీద కూలబడ్డాడు. "ఏం చెప్పేది సార్! ఆ దరిద్రం వచ్చినప్పట్నుంచి అంగడి స్మశానం మాదిరి ఉండాది. పట్టించుకున్నోడు రెండు నెల్లు రాడు. పట్టించుకోనోడు వెంకటప్ప మాట విని రాడు. కబుర్లు లేవు, ఎగతాళి లేదు. యమున పొయ్యి ఆరిపోతాండాది. వారంవారం వచ్చేది మీరొక్కరే. మీ బండిలో గాలి నిలిస్తే మీరు గూడా రారు గదా!"

అప్పుడు ఆయన చేతిలో సూది చూశాడు మధు. తన చేతిలో మేకు వైపూ ఓసారి చూసుకున్నాడు.

జయరత్నం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. లిల్లీ పోయాక, తను రావాలని ఒక మనిషి ఇంత దూరం బస్సెక్కడం ఇదే మొదలు.

"జరుగప్పా," అన్నాడు. "ఎనకది నేను సూస్కుంటా."

నేలకంటుకున్న రెండు టైర్లనూ చూసి దినేష్ నోరెళ్లబెట్టాడు. కంపెనీ తప్పు ఒప్పుకుని యంత్రం పట్టుకుపోయింది. ఆ శనివారం షాపు బెంచీ మీద చోటు చాలక వెంకటప్ప పాత టైరు మీద కూర్చున్నాడు.

సోమవారం దినేష్ లారీతో దిగాడు. అందులో మునుపటిదానికి రెండింతల యంత్రం, దానికో పూలదండ.

"కంపెనీ పేరు నిలబెట్టుకోవాల గదా సార్! పాతదానికి బదులు కొత్త మోడలు, ఉచితం. ఇందులో పట్టిన గాలి ఆరు నెల్లు కదలదు!" అని అతను దండ సర్దుతుంటే, మధుసూదన్, జయరత్నం సంతాపసభలో మాదిరి తలలు వంచుకుని నిలబడ్డారు.