భద్రయ్యకు వచ్చిన పెద్ద పదవి

ఒక పెద్ద అడవిలో వేటకు తీరిక లేకపోయినా క్రికెట్టుకు ఉండేది. కెప్టెను సింహరాజుగారు. అంపైరు కొంగ భద్రయ్య. భద్రయ్య రెక్క ఎత్తితే ఔటు. రాజుగారు బ్యాటు పట్టుకుంటే మాత్రం ఆ రెక్క ఒంటికి అతుక్కుపోయేది.

ఒకనాడు ముళ్లపంది వేసిన బంతికి రాజుగారి వికెట్లన్నీ ఎగిరి అవతల పడ్డాయి.

"ఔటు!" అని అరిచింది ముళ్లపంది.

"గాలికి పడ్డాయి," అన్నాడు భద్రయ్య.

"ఆకు కూడా కదల్లేదు కదయ్యా!"

"నీకు తగల్లేదేమో, నాకు తగిలింది. పోయి బంతి వెయ్యి."

రాజుగారు మురిసిపోయి, "నేను ఔటు కానన్నాళ్లూ తూర్పు మడుగులో చేపలన్నీ నీవేనోయ్" అన్నారు. భద్రయ్య పిల్లలకు ఒళ్లొచ్చింది.

"ఏమయ్యో, నీళ్లడుగున చేపపిల్ల కనబడుద్ది గానీ, ఎదురుగా కట్టెలు పడితే కనబడవా?" అంది పెళ్లాం నీలాలు.

"నా కళ్లు బాగున్నాయి కాబట్టే రాజుగారి మొహం కనబడుతుందే," అన్నాడు.

ఇంతలో పులిరాజు అడవితో పెద్ద ఆట కుదిరింది. క్రికెట్ సంఘం ప్రెసిడెంటు నక్క దండం పెట్టి, "ప్రభూ, మన భద్రయ్యను ఇంటర్నేషనల్ అంపైరును చేయిస్తే పరాయి గడ్డ మీదా తమకు ఢోకా ఉండదు" అంది.

రాజుగారు సరే అన్నారు. నక్క అడవులన్నీ తిరిగి పదవి తెచ్చింది. తెల్లటోపీ పెట్టి ఊరేగించారు. భద్రయ్యకు కళ్లనీళ్లు ఆగలేదు.

ఆటరోజు భద్రయ్య టోపీతో వికెట్ల దగ్గరికి నడిచాడు. అక్కడ కొండల అవతలి నుంచి వచ్చిన ముసలిమేక అంపైరుగా నిలబడి ఉంది.

"ఏ అడవి బాబూ నీది?"

"సింహరాజుగారిది."

"అయితే పక్కకు జరుగు. ఇంటర్నేషనల్ అంపైరు సొంత అడవి ఆటకు ఎక్కడా నిలబడకూడదు. మీ సంఘం కూడా ఒప్పుకున్న రూలేగా!"

సంఘం ఒప్పుకుంది నిజమే. చదవలేదంతే.

భద్రయ్య నక్క దగ్గరికి ఎగిరాడు. "బావా, నన్ను పాత పదవికి దించెయ్యి, నీకు పుణ్యముంటుంది!"

"దించితే రాజుగారు చేసింది తప్పని చెప్పినట్టు కాదూ? నా వల్ల కాదు బావా."

మొదటి బంతికే రాజుగారి వికెట్లు లేచిపోయాయి. సింహమంటే ఎవరో ఎరగని మేక కాలెత్తేసింది.

రాజుగారు కదల్లేదు.

"ఔటయ్యావు, వెళ్లవయ్యా," అంది మేక.

"ఎటు?" అన్నారు రాజుగారు.

పాపం, ఔటైనవాళ్లు ఎటు పోతారో ఆయన ఏనాడూ చూడలేదు. పులిరాజు జట్టువాళ్లు పొట్టలు పట్టుకున్నారు. కొమ్మల మీది కోతులు నవ్వలేక కింద పడ్డాయి.

ఆ పూటే మడుగు పోయింది. సొంత అడవిలో అంపైరు పని ఎటూ లేదు. భద్రయ్య మాత్రం ఇప్పటికీ ఇంటర్నేషనలే.

"ఇంటర్నేషనల్ గారూ," అంది నీలాలు, "పిల్లలు ఆకలంటున్నారు. ఈ టోపీ ఉడకెయ్యమంటారా?"

నీతి: రాజుగారికి మేలు చెయ్యండి గానీ, తిరిగి ఆయన మనకు మేలు చెయ్యాలనుకునేంత బాగా చెయ్యకండి.