సెలెరాన్‌కు శాలువా

ఆ శనివారం ఉదయం తిహోమిర్ వేసుకున్న పథకంలో తిరకాసేమీ లేదు. కాఫీ వేళకు పందెం మొదలుపెట్టాలి, భోజనానికల్లా గెలవాలి, సాయంత్రానికి మామగారి చేతుల మీదుగా కింది గది తాళంచెవి అందుకోవాలి. సెర్బియాలోని వాల్యెవో ఊళ్లో పెద్ద వీధిలోకి తెరుచుకునే గది అది. ఇన్నాళ్లూ మంచం కింద విడిభాగాలు దాచుకుని కంప్యూటర్లు బాగుచేస్తున్నవాడికి ఆ గది దొరికితే బతుకు ఒడ్డున పడ్డట్టే. ఇక మదర్‌బోర్డుల మధ్య పడుకోవడం తన వల్ల కాదని భార్య కూడా తేల్చి చెప్పేసింది.

అదే గది మీద బావమరిది రదెంకో కూడా కన్నేశాడు. అతనికి అక్కడ కుర్రాళ్లు డబ్బులిచ్చి కంప్యూటర్లలో ఆటలాడుకునే కొట్టు పెట్టాలని ఉంది. తిహోమిర్ సెలెరాన్ భక్తుడు, రదెంకో సెంప్రాన్ భక్తుడు. రెండూ చవకరకం పాత ప్రాసెసర్లే, రెండింటికీ లోపలున్నది ఒక్క బుర్రే. అయినా ప్రతి ఆదివారం సూప్ చల్లారిపోయేదాకా వాదించుకునేవారు.

"దీని వేగం చూడవోయ్! అంకెలోనే తెలియట్లా?" అనేవాడు తిహోమిర్.

"ఏం వేగం బావా! నీది చిన్న చిన్న గంతులేస్తుంది. నాది నింపాదిగా అంగలేసుకుంటూ దాటిపోతుంది," అనేవాడు రదెంకో.

వినీ వినీ విసిగిన మామగారు విదోయె తీర్పు చెప్పాడు. "రెండూ తెచ్చి వంటింట్లో పెట్టండి. మేనకోడలి పెళ్లి వీడియో కుదించి డిస్కులోకి ఎక్కించాలిగా! ఎవడిది ముందు పూర్తయితే గది వాడిది. నా చెవులు మాత్రం వదిలిపెట్టండి."

సెలెరాన్ గుణం తిహోమిర్‌కు తెలుసు. ఒళ్లు వేడెక్కిందంటే తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. బయట చూస్తే జూలై ఎండ. అందుకే తన పెట్టె పక్కరేకు ఊడదీసి, కిటికీకీ తలుపుకీ మధ్య పెట్టి, రెండూ బార్లా తెరిచాడు. ఆ ఇంట్లో అంత సాహసం ఎవరూ చేయరు. అత్తగారు స్తమెనా మిరపకాయల కోసం సంతకు వెళ్లింది గనుక ధైర్యం చేశాడు.

సగం పెళ్లి అయ్యేసరికి సెలెరాన్ ముందుంది. విదోయె ఇద్దరినీ పెరట్లోకి రకియా అనే పళ్ల సారా తాగడానికి పిలిచాడు. ఒక గుక్క వేసి తిహోమిర్ తొంగిచూడ్డానికి వచ్చాడు. కిటికీ మూసి ఉంది! రదెంకో మధ్యలో ఒకసారి లేచి వెళ్లిన సంగతి గుర్తొచ్చి పళ్లు కొరికాడు. కిటికీ మళ్లీ తెరిచి, ఏమీ ఎరగనట్టు పెరట్లోకి వెళ్లాడు. కాసేపటికి మళ్లీ వచ్చి చూస్తే మళ్లీ మూసే ఉంది. ఈసారి ఉండబట్టలేకపోయాడు.

"కిటికీ ఎందుకు మూస్తున్నావురా?" అని పెరట్లోనే నిలదీశాడు.

"నేనా? సిగరెట్ల కోసం ఇప్పుడే లోపలికెళ్లా. అది తెరిచి ఉందేమిటా అని నేనే అనుకున్నా. నా మెషీన్లో దుమ్ము పడాలనేగా నువ్వు తెరుస్తోంది!"

"దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది!"

చొక్కాలు పట్టుకున్నారు. విదోయె మధ్యలో దూరి విడదీసేసరికి లోపల ఏదో టింగుమంది. ముగ్గురూ పరుగెత్తారు. రదెంకో తెర మీద పని పూర్తయింది. తిహోమిర్ తెర మీద పెళ్లికూతురు ఇంకా చర్చి మెట్లే దిగుతోంది. కిటికీకి గడియ వేసి ఉంది. సెలెరాన్ పెట్టె మీద మందపాటి ఉన్ని శాలువా కప్పి ఉంది. పక్కనే మిరపకాయలు కోస్తూ స్తమెనా కూర్చుని ఉంది.

గది పోయింది. ఇక జన్మంతా మంచం కిందే.

"అత్తయ్యా... ఇది మీరేనా?"

"నేనే నాయనా! కిటికీ, తలుపూ ఎదురెదురుగా తెరిచి ఇల్లంతా గాలి దూసుకుపోయేలా వదిలేసి పోయారేమిటి? మెడలు పట్టేసి చచ్చిపోరూ? మూస్తే తెరుస్తారు, మూస్తే తెరుస్తారు. వాడి దానికి రేకుంది. నీదాని పక్కటెముకలు బయటికొచ్చి ఉన్నాయి, పైగా లోపల ఫ్యాను కూడానూ! అల్లుడి వస్తువని నా శాలువా తీసి కప్పా."

"మీ ప్రేమ చల్లగుండా! దానివల్లే నా గది పోయింది," అన్నాడు తిహోమిర్.

"ఏ గది?"

విదోయె గొణిగాడు. "కింది గది. గెలిచినవాడికి ఇస్తానన్నాలే."

స్తమెనా కత్తి బల్ల మీద పెట్టింది.

"మా నాన్న కట్టిన ఇల్లు. ఉన్నది నా పేరున. నన్నడక్కుండా పందెం కాశావా?"

విదోయె అడుగులో అడుగు వేసుకుంటూ పెరట్లోకి జారుకున్నాడు.

"అమ్మా, గెలిచింది నేనే కదే!" అన్నాడు రదెంకో.

"గెలిచావులే. నా మంచం కింద ఊళ్లో కుర్రకారంతా చేరి తుపాకులు పేలుస్తుంటే నేను నిద్రపోవాలా? నోర్మూసుకో." గోడకున్న తాళంచెవి తీసి అల్లుడి చేతిలో పెట్టింది. "గది నీదే. కానీ అందులో కిటికీ, తలుపూ ఒకేసారి తెరిచినట్టు కనపడ్డావో, ఆ రోజే ఖాళీ."

తిహోమిర్ ఆవిడ చేతిని ముద్దు పెట్టుకుని ఒట్టు వేశాడు.

ఆగస్టు ఎండల్లో కొట్టు తెరిచాడు. కిటికీ మూసే ఉంది. ఆ ఉక్కలో సెలెరాన్‌ది నత్తనడకేగా, బాగుచేసి అమ్మకానికి పెట్టినవన్నీ సెంప్రాన్లే.