సగటు కుర్చీ

"ప్రపంచ చరిత్రలో మొట్టమొదటిసారిగా, మన పాడేరులో, మనిషి కోసం కుర్చీ!"

ఈ మాట బ్యానరు మీద రాయించినవారు చక్రాల కుర్చీల పథకం ప్రత్యేకాధికారి గణపతిరావుగారు. అంతవరకూ పాడేరులో కుర్చీలు ఎవరి కోసం ఉండేవో బ్యానరు చెప్పలేదు. దాన్ని రెండు కొసలా తాళ్లతో కట్టినవాడు అటెండరు వరహాలరావు.

వరహాలరావుది చోడవరం వైపు. ఇరవై ఏడేళ్ల సర్వీసు. వరండాలో ఆఫీసరు బూట్ల చప్పుడు వినబడితే చాలు, చేతిలో అన్నం ముద్ద ఉన్నా లేచి నిలబడేవాడు. తొమ్మిది మంది ఆఫీసర్లు మారారు గాని ఆ లేవడం మారలేదు. అందరిలోకీ గణపతిరావుగారంత తెలివైన దొర లేడని అతని నమ్మకం. ఆ తెలివి ఎంతటిదో కుర్చీలు వచ్చిన వారంలో ఇంకా బాగా తెలిసివచ్చింది.

పథకం మంచిదే. ఏజెన్సీలో నడవలేని పదకొండు మందికి పదకొండు కుర్చీలు వచ్చాయి. వాటి సీటూ, వీపూ, కాళ్లు పెట్టుకునే పలకా నట్లు విప్పి ఎవరికి తగ్గట్టు వాళ్లకు సర్దవచ్చు. ఆ సర్దడం పన్నెండు మంది థెరపిస్టులకు నేర్పడానికి విశాఖపట్నం నుంచి హేమలత వచ్చింది.

మొదటి రోజు హుకుంపేట అవతలి గూడెం నుంచి కనక అనే ఆవిడ ఎనిమిదేళ్ల కూతురు స్వర్ణను వీపున కట్టుకుని తెచ్చింది. ఆ పిల్లకు పుట్టినప్పటి నుంచీ నడుము నిలవదు. పడుకోబెట్టి తినిపిస్తే పొలమారి ఊపిరాడదు. ఈపాటికి రెండుసార్లు పోయినంత పనై బతికింది.

"కూకోబెట్టి తినిపించమన్నాడు డాట్రుబాబు. కూకుంటే కదమ్మా!" అంది కనక.

హేమలత టేపు తీసింది. రెండో కొస వరహాలరావు పట్టుకున్నాడు. తుంటి వెడల్పు, తొడ పొడవు, మోకాలి నుంచి మడమ దాకా కొలిచారు. సీటు కుదించి, పలక పైకి జరిపి, నడుముకు బెల్టు కట్టి, ఒరిగిపోయే ఎడమ పక్కన దుప్పటి మడిచి దన్ను పెట్టారు. ఏది ఎందుకో చెబుతూ అంతా థెరపిస్టుల చేతే చేయించింది హేమలత. గంట గడిచేసరికి స్వర్ణ నిటారుగా కూర్చుంది. ఇన్నేళ్లూ ఇంటి కప్పు తప్ప చూడని పిల్ల, ఎదురుగా ఉన్న మొహాలన్నీ ఒక్కొక్కటే చూసింది. చోడి అంబలి గిన్నె ఒళ్లో పెడితే తన చేత్తోనే ఎత్తి మూడు గుక్కలు తాగింది. పొలమారలేదు.

"ఓలమ్మ! నా గుంట తాగేసింది!" అని కనక ఏడ్చింది. వరహాలరావుకూ కళ్లు చెమర్చాయి.

అంతలో బూట్ల చప్పుడు వినిపించింది. అతను నిటారుగా నిలబడ్డాడు.

"ఈ కుర్చీ ఇంత చిన్నదైపోయిందేం?" అన్నారు గణపతిరావుగారు.

"పాపకు సరిపడా సర్దామండి. ఎవరి కొలత వాళ్లది. ఈ ట్రైనింగే అందుకు."

"దాన్నే పక్షపాతం అంటారమ్మా. ఒకరికి పదకొండు అంగుళాల సీటు, ఇంకొకరికి పద్దెనిమిదా? రేపు అసెంబ్లీలో ప్రశ్న వేస్తే మీరొచ్చి చెబుతారా?"

"మరి ఎలాగండీ?"

"యావరేజ్!"

పదకొండు మందినీ కొలిచారు. అందులో స్వర్ణా ఉంది, తొంభై కిలోల మాజీ సర్పంచి ఫల్గుణా ఉన్నాడు. కూడి, పదకొండుతో భాగిస్తే సీటు పదిహేనుంబావు అంగుళాలు వచ్చింది. "ప్రభుత్వం ఉన్నదే సగటు మనిషి కోసం" అని గణపతిరావుగారు గద్గదస్వరంతో అన్నారు. కుర్చీలన్నీ ఆ కొలతకే బిగించారు. మళ్లీ ఎవరూ కదిలించకుండా నట్టు నట్టుకీ లక్క కరిగించి సీలు వేశారు. స్పానర్లు బీరువాలో పెట్టి తాళం వేసి, చెవి వరహాలరావుకు అప్పగించారు. బ్యాలెట్ పెట్టెలకు కూడా ఇంత కట్టుదిట్టం ఉండదు.

సీలు పడిన కుర్చీలోంచి స్వర్ణ జారి కింద పడింది. ఫల్గుణ అందులో ఇరుక్కుంటే నలుగురు పట్టి లాగారు.

"ఆ పిల్ల కుర్చీ ఒక్కటీ విప్పనివ్వండి సార్. పడుకుని తింటే ఎప్పుడో ప్రాణం పోతుంది" అంది హేమలత.

"సీలు తీయాలంటే వేసినవాడి పైఅధికారి రావాలమ్మా. వేసింది నేను. నా పైన ఈ కొండ మీద ఎవరూ లేరు" అని ఆయన ఎంతో విచారించారు.

కనక పిల్లను మళ్లీ వీపున కట్టుకుని వెళ్లిపోయింది.

గురువారం మంత్రిగారి రాక. కుర్చీలో లబ్ధిదారుడు కనబడాలి. ఉన్న పదకొండు మందిలో ఒక్కరూ పట్టరు. "కొలత కరెక్టే. మనుషుల్లోనే లోపం" అని తేల్చిన గణపతిరావుగారు టేపు తెప్పించి సిబ్బందిని కొలిపించారు. వరహాలరావు దగ్గర టేపు ఆగింది. పదిహేనుంబావు!

"నానేటి బాబూ? నాకు కాళ్లున్నాయి గదా!"

"ఉంటే ఉండనీ. మంత్రిగారు వెళ్లేదాకా వాడకు."

మోకాళ్ల మీద దుప్పటి కప్పి హాలు మధ్యలో కూర్చోబెట్టారు. ఆఫీసులో వరహాలరావు కుర్చీలో కూర్చోవడం ఇరవై ఏడేళ్లలో అదే మొదలు. కుర్చీ హాయిగా ఉంది. ఇంత సుఖంగా ఉంటుందా అని అతను ఆశ్చర్యపడుతూ ఉండగానే వరండాలో బూట్ల చప్పుడు వినిపించింది. ఒక జత కాదు, పదిహేను జతలు.

వరహాలరావు లేచి నిలబడ్డాడు.

దుప్పటి కింద పడింది. హాలంతా బిగుసుకుపోయింది. గణపతిరావుగారు మాత్రం అర క్షణమే ఆగారు.

"చూశారా సార్! ట్రైనింగ్ ఎఫెక్ట్!"

చప్పట్లు మోగాయి. కెమెరాలు వెలిగాయి. మంత్రిగారు వరహాలరావు మోకాలు తడిమి చూసి, "నడిచి ఎన్నాళ్లయిందయ్యా?" అని అడిగారు.

"ఆనందంతో నోట మాట రావడం లేదు సార్" అన్నారు గణపతిరావుగారు.

మంత్రిగారు మైకు అందుకున్నారు. "కుర్చీ ఇచ్చి కూర్చోబెట్టడం గత పాలకుల విధానం. లేపి నిలబెట్టడం మా విధానం! ఒకరు లేచాక ఇంకొకరు కూర్చుంటారు. మొత్తం ఏజెన్సీకి ఒక్క కుర్చీ చాలు!"

మిగతా పది కుర్చీలూ ఆ సాయంత్రమే పక్క జిల్లాకు లారీ ఎక్కాయి. కుర్చీలు సర్దడంలో నిపుణులని థెరపిస్టులకూ, వాళ్లతోపాటు నేర్పిన హేమలతకూ సర్టిఫికెట్లు ఇచ్చారు. ఆమె తనది బల్ల మీదే వదిలేసి బస్సెక్కింది.

సోమవారం తెల్లారేసరికి గూడెం కొత్తవీధి మండలం దాకా ఉన్న పల్లెలన్నీ ఆఫీసు ముందు దిగాయి. డోలీల మీద, జీపుల మీద, కొడుకుల భుజాల మీద జనం వచ్చారు. ఇస్త్రీ బట్టలు తొడిగించి వరహాలరావును కుర్చీ పక్కన నిలబెట్టారు. వరసలో అందరికంటే ముందున్నవాడు ఒక పిల్లను ఎత్తుకుని ఉన్నాడు.

"నా పేరు సుక్రు బాబూ. ఇది నా గుంట, స్వర్ణ. వాళ్లమ్మ కనక కాఫీ తోట పనికెళ్లింది. ఆ కుర్చీ మనకి పనికిరాదన్నాది. పేపర్లో నీ బొమ్మ సూసి నేనే తెచ్చినాను."

అతను పిల్లను కుర్చీలో కూర్చోబెట్టాడు. జారింది. ఎత్తి మళ్లీ కూర్చోబెట్టాడు. మళ్లీ జారింది. తన తువ్వాలుతో కుర్చీకి కట్టాడు. తల వెనక్కి వాలిపోయింది. ఆ వాలిన తలతోనే స్వర్ణ వరహాలరావును గుర్తుపట్టి నవ్వింది.

"లెగిసే ముందు ఎంతసేపు కూకున్నావు బాబూ?" అని అడిగాడు సుక్రు.

బీరువా నాలుగడుగుల దూరంలో ఉంది. తాళంచెవి వరహాలరావు మొలతాడుకు వేలాడుతూ ఉంది. అతని చెయ్యి అటు వెళ్లింది.

లోపలి నుంచి బూట్ల చప్పుడు వినిపించింది.

"పావుగంట" అన్నాడు వరహాలరావు.

"నువ్వు పెద్దోడివి. ఇది సిన్నగుంట, అంత బేగి లెగదు. పొద్దు గూకేదాకా ఉంటాం" అని సుక్రు తువ్వాలు ముడి ఇంకాస్త బిగించి, సంచిలోంచి అంబలి గిన్నె తీశాడు.

వరహాలరావు అప్పటికే నిలబడి ఉన్నాడు గనక, ఇంకొంచెం నిటారుగా నిలబడ్డాడు.