కలవని నంబరు

1988 వేసవిలో ఒక ఉదయం జనగామ స్టేషన్ రోడ్డులో లక్ష్మీకాంత్ కంప్యూటర్ జాతకాల దుకాణం తెరిచాడు. తొలి బేరం అప్పటికే కుదిరింది. బట్టల వ్యాపారి భిక్షపతి కూతురు ఊర్మిళకూ, తొర్రూరు హన్మంత్ కొడుకు జైపాల్‌కూ పొంతన చూడాలి. పిల్లా పిల్లవాడూ ఒకరికొకరు నచ్చారు. ఇక కంప్యూటర్ ఒప్పుకోవడమే తరువాయి.

భిక్షపతి కూతురితో ముందే వచ్చి దుకాణం అరుగు మీద కూర్చున్నాడు.

జాతకాల ప్రోగ్రాం ఫైలును రెండు ఫ్లాపీల మీద అమ్మిన హైదరాబాద్ ఆయన లక్ష్మీకాంత్‌కు ఒక జాగ్రత్త చెప్పి పంపాడు. ఫైలు పేరును నమ్మవద్దు. అందులోని అక్షరాలన్నిటినీ లెక్కగట్టి కంప్యూటర్ ఒక నంబరు తీస్తుంది. ఒక్క అక్షరం మారినా నంబరు మారిపోతుంది. తాను చెప్పిన నంబరు వస్తేనే అది అసలు ఫైలు. లక్ష్మీకాంత్ చూశాడు. నంబరు కలవలేదు. గాభరాగా హైదరాబాద్‌కు ఫోన్ కలిపాడు.

"కలుస్తలేదు సార్! పేరు గదే గని, గిది అసలుది కాదు. నడుమ ఎవరో మార్చిన్రు!"

అరుగు మీద ఆ మాటలు విన్న భిక్షపతి అవి పెళ్లికొడుకు గురించే అనుకున్నాడు. కూతుర్ని అక్కడే ఉండమని బస్టాండుకు పరుగెత్తాడు. తొర్రూరు బస్సులోంచి హన్మంత్, అతని భార్య సుశీల, జైపాల్ అప్పుడే దిగుతున్నారు.

"బావా, పరేషాన్ గాకు. మీ పిలగాడు అసలోడు కాదంట. ఎవరో మార్చిన్రంట. కంప్యూటరే చెప్పింది!"

"దవాఖానల మార్చిన్రా ఏంది?" అన్నాడు హన్మంత్.

"ఏ దవాఖాన? నేను ఇంట్లనే కన్న!" అని సుశీల కేక పెట్టింది. జైపాల్ తన చేతులకేసి అనుమానంగా చూసుకున్నాడు.

అందరూ దుకాణం మీదికి వచ్చిపడ్డారు. "ఎవడు మార్చింది?" అని హన్మంత్ గర్జించాడు.

ఈలోగా లక్ష్మీకాంత్‌కు అసలు సంగతి తట్టింది. చేతులు జోడించాడు. "తప్పైంది. నేనే మార్చిన!"

హన్మంత్ అతని కాలర్ పట్టుకున్నాడు. "నా కొడుకును నువ్వెప్పుడు మార్చినవురా?"

"కొడుకేంది? పేరు మార్చిన! పైన నా పేరు పెట్టుకున్న, గంతే!"

"నా కొడుక్కు నీ పేరు పెట్టినవా?"

ఊర్మిళ నవ్వు ఆపుకుంటూ అడ్డం వచ్చింది. "మామా, ఆయన తన పేరు చేర్చి మార్చింది ఫ్లాపీల ఫైలును. మీ పిలగాన్ని కాదు."

హన్మంత్ కాలర్ వదిలాడు. భిక్షపతి తల వంచుకున్నాడు. లక్ష్మీకాంత్ తాను ముట్టని ఇంకో ఫ్లాపీ పెట్టి చూసి, ఎగిరి గంతేశాడు.

"కలిసింది! అక్షరం తేడా లేకుంట కలిసింది!"

సుశీల ఊర్మిళను కావలించుకుంది. వియ్యంకులిద్దరూ కళ్లు తుడుచుకున్నారు. ఎవరో మిఠాయికి పరుగెత్తారు.

"ఆగుండ్రి, గిది ఇంకా..." అని లక్ష్మీకాంత్ ఏదో చెప్పబోయాడు.

"కలిసిందన్నవు గదన్నా," అంది ఊర్మిళ మెల్లగా. "జర ఊకో."

ఆ సాయంత్రానికి ముహూర్తం పెట్టేశారు. జాతకాలు మాత్రం సుశీల సంచిలోంచి బయటికే రాలేదు.